అణు వ్యాప్తి నిరోధంపై జిల్లాలో ప్రెస్ మీట్: నోట్ రాసింది మొదలు మర్నాటి పేపర్ చూసుకునేదాకా

"కాన్సులేట్ నుంచి ఒకాయన వస్తున్నారు, అణ్వస్త్రాల వ్యాప్తి మీద మాట్లాడతారు, మన పేపర్లలో రావాలంటే ఏం చేయాలి?" కడప, అనంతపురం, కర్నూలు కాలేజీల నుంచీ శాంతి సంఘాల నుంచీ ఈ ప్రశ్న పదేపదే వస్తోంది. పేపర్లో రావడానికేం, వస్తుంది. విదేశీ అతిథి అంటే జిల్లా పేజీలో ఫొటోతో సహా వేస్తారు. ఆయన అన్నది అన్నట్టుగా రావడమే కష్టం. అందులోనూ మన మూడు జిల్లాల్లో "యురేనియం" అనగానే వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం గని, దేవనకొండ మండలంలో యురేనియం అన్వేషణ గొడవ జరిగిన కప్పట్రాళ్ల గుర్తొస్తాయి. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) సంగతి చెప్పబోతే పులివెందుల వార్త అయి కూర్చుంటుంది. కింద చెప్పిన పనులన్నీ ఆ ఒక్క తికమక రాకుండా చూసుకోవడానికే.

దగ్గర ఉండాల్సినవి

- తెలుగులో ఒక పేజీ ప్రెస్ నోట్, 250 నుంచి 300 మాటలు. ప్రసంగం మొత్తం కాదు.
- అతిథి ఆఫీసు ఖరారు చేసిన ఇంగ్లిష్ పాఠం. అనుమానం వస్తే విలేకరి చూసుకోవడానికి.
- అర పేజీ అంకెల చీటీ.
- మాటల పట్టిక. దుబాసీకి ఒకటి, ప్రతి విలేకరికి ఒకటి.
- ముందుగా చీటీ చదువుకున్న దుబాసీ. ఇంగ్లిష్ బాగా వస్తే చాలదు.
- రాత్రి పేపర్ ఆఫీసుల్లో డెస్కులు పేజీలు ముగించేదాకా ఫోన్ ఎత్తే మనిషి. సభ నడిపించేవాడికి ఈ పని అప్పగించొద్దు.
- విలేకరుల జాబితా. 2022లో జిల్లాలు విడిపోయాక నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య జిల్లాల పేజీలు వేరయ్యాయి. పాత జాబితా పట్టుకుంటే హిందూపురానికీ నంద్యాలకూ కబురు అందదు.

1. ఎవరి మాటో ముందే తేల్చుకోండి

దౌత్యవేత్త చెప్పేది ఆ దేశ ప్రభుత్వం మాట. రిటైరైన రాయబారి చెప్పేది సొంత అభిప్రాయం. ప్రొఫెసర్ చెప్పేది విశ్లేషణ. నోట్ మొదటి వాక్యంలోనే ఈ తేడా కనపడాలి: "ఫలానా దేశ ప్రభుత్వ వైఖరిని వివరిస్తూ", లేదా "వ్యక్తిగత అభిప్రాయంగా". ఇది లేకపోతే రిటైరైన మన దేశపు అధికారి అన్న మాట "కేంద్రం వైఖరి" అని అచ్చవుతుంది. సర్దుకోవడానికి నాలుగు రోజులు పడుతుంది.

ఆ తర్వాత, అతిథి చెప్పే అసలు సంగతిని ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతున్నారంటే ఆయన మూడు సంగతులు చెప్పబోతున్నారన్నమాట. ఆయన ఆఫీసుకు ఫోన్ చేసి ఒకటి ఎంచమనండి.

2. చెప్పాల్సిన వాళ్లకు ముందే చెప్పండి

విదేశీ అధికారి జిల్లాకు వస్తుంటే కలెక్టరేట్‌కూ ఎస్పీ ఆఫీసుకూ లిఖితంగా తెలియజేయండి, డీపీఆర్వోకు (జిల్లా పౌర సంబంధాల అధికారికి) ఒక ప్రతి ఇవ్వండి. యోగి వేమన, శ్రీకృష్ణదేవరాయ, రాయలసీమ యూనివర్సిటీల్లో సభ అయితే రిజిస్ట్రార్ ద్వారా వెళ్లండి. విదేశీ వక్తలకు ఢిల్లీ నుంచి అనుమతి కావాల్సిన సందర్భాలున్నాయి. అందుకే తారీఖు ప్రకటించకముందే అడగాలి, ఫ్లెక్సీ కొట్టించాక కాదు.

హెచ్చరిక: అతిథిని తుమ్మలపల్లె గేటు దగ్గరికో టెయిలింగ్ పాండ్ (గని వ్యర్థాల చెరువు) దగ్గరికో తీసుకెళ్లి ఫొటో తీయిద్దామన్న ఆలోచన మానుకోండి. అది అణుశక్తి విభాగం కింది సంస్థ స్థలం. ఫొటో సంగతి అటుంచి, అతిథి వీసాకే ఇబ్బంది రావచ్చు.

3. మాటల పట్టిక తయారు చేయండి

సగం శ్రమ ఇక్కడే పెట్టండి. దౌత్య భాషలో ఒక్కో మాటకు ఒక్కో తూకం ఉంటుంది. తెలుగులోకి వచ్చేటప్పుడు ఆ తూకం పోతుంది, లేదంటే మాట అర్థమే మారిపోతుంది. తరచూ కొంప ముంచే మాటలివి.

*శుద్ధి.* ఇరాన్ చేసేదాన్నీ మన పేపర్లు "యురేనియం శుద్ధి" అంటాయి, తుమ్మలపల్లెలో ఉన్నదాన్నీ "యురేనియం శుద్ధి కర్మాగారం" అంటాయి. రెండూ ఒకటి కావు. తుమ్మలపల్లెలో రాయిని పొడి చేసి అందులోంచి యురేనియం రాబడతారు. ఇరాన్ గొడవంతా యురేనియంలో యు-235 (తేలిగ్గా విడిపోయి శక్తినిచ్చే రకం) పాళ్లు పెంచడం గురించి. మీ నోట్‌లో రెండోదాన్ని "సుసంపన్నం" అనండి, మొదటిసారి వాడినచోట "యు-235 పాళ్లు పెంచడం" అని పక్కనే రాయండి. ఆ మాట శీర్షికలో పట్టదని డెస్క్ అంటే "ఎన్‌రిచ్‌మెంట్" అని వేసుకోమనండి. "శుద్ధి"కి మాత్రం ఒప్పుకోవద్దు.

*ఆందోళన.* ఇది ఇంకా పెద్ద ఉచ్చు. జిల్లా పేజీలో ఆందోళన అంటే ధర్నా. "అణు వ్యాప్తిపై కర్నూలులో ఆందోళన" అన్న శీర్షిక చూస్తే కప్పట్రాళ్ల జనం మళ్లీ రోడ్డెక్కారనే అనుకుంటారు. 2024 చివర్లో అక్కడ యురేనియం అన్వేషణ వద్దని గ్రామాలు కదిలిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. "కలవరం", "కలవరపడుతోంది" వాడండి.

*ఖండించింది.* ఆరోపణను కాదనడమూ ఖండించడమే, చేసిన పనిని తప్పుపట్టడమూ ఖండించడమే. "నివేదికను ఇరాన్ ఖండించింది" అంటే ఏది? కాదన్నప్పుడు "తోసిపుచ్చింది" అని రాయండి. తప్పుపట్టినప్పుడే "ఖండించింది".

*భద్రతా ఒప్పందం.* ఐఏఈఏతో దేశాలు చేసుకునే సేఫ్‌గార్డ్స్ ఒప్పందానికి ఈ మాట వాడితే పాఠకుడు రియాక్టర్ ప్రమాదాల గురించి అనుకుంటాడు. నిజానికి అది స్టాకు రిజిస్టరు తనిఖీ లాంటిది. ఎంత సరుకు వచ్చింది, ఎంత వాడారు, మిగిలింది ఆయుధాల వైపు మళ్లలేదు కదా అని చూస్తారు. "అణు సరుకు తనిఖీ ఒప్పందం" అంటే తేలిగ్గా అర్థమవుతుంది.

*ఎన్‌ఎస్‌జీ.* పొడి అక్షరాలు రాస్తే కమాండోలు అనుకుంటారు. "అణు సరఫరాదారుల బృందం" అని పూర్తిగా రాయండి.

*సంతకం, ధ్రువీకరణ.* సంతకం చేసినంత మాత్రాన ఒప్పందం ఆ దేశానికి చట్టబద్ధంగా అమలు కాదు. సీటీబీటీ (సమగ్ర అణు పరీక్షల నిషేధ ఒప్పందం) మీద అమెరికా 1996లో సంతకం చేసింది, 1999లో సెనేట్ ధ్రువీకరణకు ఒప్పుకోలేదు. "ఆమోదించింది" అనే మాట రెండింటికీ వాడి కలగాపులగం చేయొద్దు.

*మనం.* అతిథి ఇంగ్లిష్‌లో "మేము" అన్న ప్రతిచోటా దుబాసీ "మనం" అన్నాడంటే ఆ దేశం చెప్పింది భారత్ నెత్తిన పడుతుంది. "మా దేశం" అనాలని దుబాసీకి ముందే గట్టిగా చెప్పండి.

ఇక తీవ్రత మెట్లు. గమనించాం, కలవరపడుతున్నాం, తీవ్రంగా కలవరపడుతున్నాం, తప్పుబడుతున్నాం, ఖండిస్తున్నాం. ఆయన రెండో మెట్టు మీద నిలబడి మాట్లాడితే మీ నోట్ కూడా రెండో మెట్టు మీదే ఉండాలి. "నిప్పులు చెరిగారు", "విరుచుకుపడ్డారు" డెస్క్‌కు ఇష్టమైన మాటలు. దౌత్యవేత్త నిప్పులు చెరగడు, అది ఆయన ఉద్యోగం కాదు. నోట్‌లో ఆయన క్రియాపదాన్ని కొటేషన్లలో పెడితే డెస్క్ మార్చడానికి కాస్త వెనకాడుతుంది.

4. అంకెల చీటీ

విలేకరులు చివరి నిమిషంలో ఫోన్ చేసి అడిగేవి ఇవే. ఉన్నవి ఉన్నట్టు వాడుకోవచ్చు.

అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం (ఎన్‌పీటీ): 1968 జులై 1న సంతకాలు మొదలు, 1970 మార్చి 5 నుంచి అమలు, 1995లో గడువు లేకుండా పొడిగింపు. 1967 జనవరి 1కి ముందు పరీక్ష జరిపిన అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్, చైనాలనే ఇది అణ్వస్త్ర దేశాలుగా గుర్తిస్తుంది. భారత్, పాకిస్థాన్, ఇజ్రాయెల్ ఎన్నడూ చేరలేదు. ఉత్తర కొరియా వైదొలుగుతున్నట్టు 2003 జనవరిలో ప్రకటించింది.

సమగ్ర అణు పరీక్షల నిషేధ ఒప్పందం (సీటీబీటీ): 1996 సెప్టెంబర్ 24న సంతకాలు మొదలు. ఇప్పటికీ అమల్లోకి రాలేదు. భారత్ సంతకం చేయలేదు.

అణ్వస్త్ర నిషేధ ఒప్పందం: 2017 జులై 7న ఆమోదం, 2021 జనవరి 22 నుంచి అమలు. ఇందులోనూ భారత్ లేదు. ఎన్‌పీటీకీ దీనికీ పేర్లు దగ్గరగా ఉండటంతో తరచూ తారుమారవుతుంటాయి.

ఐఏఈఏ: 1957లో పుట్టింది, కేంద్రం వియన్నా. వియన్నా ఉన్నది ఆస్ట్రియాలో. "ఆస్ట్రేలియా" అని సరిదిద్దే ఉత్సాహవంతులు ప్రతి డెస్క్‌లోనూ ఒకరుంటారు, అందుకే ఆ పేరు కింద గీత గీయండి.

భారత్: పరీక్షలు 1974 మే 18న, 1998 మే 11, 13న, పోఖ్రాన్‌లో. అణు సరఫరాదారుల బృందం మినహాయింపు ఇచ్చింది 2008 సెప్టెంబర్ 6న. సభ్యత్వం మాత్రం రాలేదు. ఐఏఈఏతో తనిఖీ ఒప్పందం 2009లో, తనిఖీల పరిధి పెంచే అదనపు ప్రోటోకాల్ 2014 నుంచి అమలు.

ఇరాన్: అగ్రదేశాలతో కుదిరిన 2015 ఒప్పందంలో సుసంపన్నానికి పరిమితి 3.67 శాతం. 2018 మే 8న అమెరికా వైదొలిగింది. 2021 ఏప్రిల్ నుంచి 60 శాతం దాకా సుసంపన్నం చేసింది. తాజా నిల్వల అంకె కావాలంటే ఐఏఈఏ నివేదిక తేదీతో సహా అతిథి ఆఫీసు నుంచే తీసుకోండి. తేదీ లేని అంకె నోట్‌లో పెట్టొద్దు.

శాతాల దగ్గర తప్పు జరగడం ఖాయం. ఏ శాతం దేనిలోనో చెప్పకపోవడమే కారణం. తుమ్మలపల్లె రాయిలో యురేనియం శాతంలో పదో వంతు కూడా ఉండదు. ఆ యురేనియంలో యు-235 0.7 శాతం. మొదటిది రాయిలో, రెండోది యురేనియంలో. రియాక్టర్లలో చాలావాటికి 3 నుంచి 5 శాతం కావాలి, మన భారజల రియాక్టర్లు సహజ యురేనియంతోనే నడుస్తాయి. 20 శాతం దాటితే అధిక సుసంపన్నం. ఆయుధానికి దాదాపు 90 శాతం.

"60 నుంచి 90కి ఇంకా చాలా దూరం ఉంది కదా" అని ఎవరో ఒకరు అడుగుతారు. అనంతపురంలో దీనికి వేరుశనగ లెక్క బాగా పనికొస్తుంది. వెయ్యి గింజల్లో 7 మాత్రమే మేలివి (అవే యు-235) అనుకోండి. మిగతావి ఏరి పారేస్తూ మేలివి 4 శాతం చేయాలంటే 175 గింజలు మిగలాలి, అంటే 825 ఏరేయాలి. 60 శాతానికి 12 మిగలాలి, ఇంకో 163 పోవాలి. 90 శాతానికి 8 మిగలాలి, మరో 4 ఏరితే సరి. నిజం యంత్రాల్లో లెక్క కాస్త వేరుగా ఉంటుంది, కానీ పనంతా ముందే అయిపోతుందన్న సంగతి తెలియడానికి ఇది చాలు.

5. నోట్ రాయడం, పంపడం

మొదటి పేరా: ఎవరు, ఎక్కడ, ఏమన్నారు. రెండోది: ఒక సూటి కొటేషన్, ఇరవై మాటలకు మించకుండా. మూడోది: నేపథ్యం రెండు వాక్యాల్లో. నాలుగోది: ఈ సభకూ తుమ్మలపల్లె, కప్పట్రాళ్ల వ్యవహారాలకూ సంబంధం లేదని ఒక్క వాక్యం. ఈ వాక్యం పెడితే వాళ్లకు మనమే గుర్తుచేసినట్టవుతుందని కొందరి భయం. వాళ్లకు ఎలాగూ గుర్తొస్తుంది. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చివరి పేరాకు నెట్టండి. పైన పెడితే డెస్క్ కింది నుంచి కత్తిరిస్తుంది, అసలు సంగతి ఎగిరిపోయి పేర్లు మిగులుతాయి.

డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌తో కొట్టించిన నోట్ వాట్సాప్‌లో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. అణు వార్త అను ఫాంట్‌లో ఇరుక్కోవడం మాటల చమత్కారమే గానీ, విలేకరి మళ్లీ మొత్తం టైపు చేసుకోవాలి, తప్పులు దొర్లేది అప్పుడే. యూనికోడ్‌లో టైపు చేసి మెసేజ్‌గా పంపండి, పీడీఎఫ్ తోడుగా పెట్టండి. పీడీఎఫ్ ఒక్కటే చాలదు. ఫొటోను "డాక్యుమెంట్"గా పంపితే నాణ్యత తగ్గదు. ఫొటో కింద ఎడమ నుంచి కుడికి పేర్లు రాయండి.

ఫ్లెక్సీ అచ్చుకు పోకముందు ఇద్దరు చదవాలి. "అణు"లో ణ పోయి "అను" అయితే ప్రతి ఫొటోలోనూ అదే కనపడుతుంది.

6. రోజు, వేళ

సోమవారం వద్దు, ఉదయమంతా విలేకరులు కలెక్టరేట్‌లో అర్జీల కార్యక్రమం దగ్గర ఉంటారు. ముఖ్యమంత్రి పర్యటన, కడపలో పెద్ద దర్గా ఉరుసు లాంటి రోజులూ అంతే. మంగళ, బుధ, గురువారాల్లో ఉదయం 11 గంటలు మంచిది. సాయంత్రం నాలుగు దాటాక పెడితే హడావుడిగా రాస్తారు, హడావుడిలో "శుద్ధి" తిరిగి వస్తుంది.

అతిథి దొరకలేదా? తేదీని ఆసరా చేసుకోండి. జనవరి 1న భారత్, పాకిస్థాన్ తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి, 1988 ఒప్పందం ప్రకారం 1992 నుంచి సాగుతున్న ఆనవాయితీ ఇది. ఆగస్టు 6, 9 హిరోషిమా, నాగసాకి రోజులు. ఆగస్టు 29 అణు పరీక్షల వ్యతిరేక దినం, సెప్టెంబర్ 26 అణ్వస్త్రాల సంపూర్ణ నిర్మూలన దినం. వీటికి స్థానిక లెక్చరర్ రాసిన మూడొందల మాటల వ్యాసం చాలు, ప్రెస్ మీట్ అక్కర్లేదు. ఆకాశవాణి కడప, అనంతపురం కేంద్రాలకు ప్రసంగం పంపాలనుకుంటే మాత్రం నెలన్నర ముందే అడగండి.

7. అడగబోయే ప్రశ్నలకు ముందే జవాబులు

ముందు రోజు సాయంత్రం అతిథితోనో ఆయన సిబ్బందితోనో అరగంట కూర్చోండి.

"తుమ్మలపల్లెలో బోర్ల నీళ్లు పాడయ్యాయి, మీరేమంటారు?" ఇది తప్పకుండా వస్తుంది. "ఇవాళ్టి అంశం అది కాదు" అన్నది అన్నిటికన్నా చెడ్డ జవాబు. శీర్షిక "తుమ్మలపల్లెపై నోరు విప్పని దౌత్యవేత్త" అవుతుంది. జవాబు అతిథి కాదు, సభ నడిపే స్థానికుడు చెప్పాలి: గని దగ్గరి కె.కె.కొట్టాల రైతుల ఫిర్యాదు తీవ్రమైనదే, దాన్ని తేల్చాల్సింది కాలుష్య నియంత్రణ మండలి, గని నడిపే యూసీఐఎల్, రాష్ట్ర ప్రభుత్వం. ఇది మన దేశంలో తేలాల్సిన విషయం కాబట్టి విదేశీ అతిథి మాట్లాడటం మర్యాద కాదు. ఈ మూడు ముక్కలూ అదే వరసలో రావాలి. రైతుల గోడు చిన్నదన్న ధ్వని ఎక్కడా రాకూడదు.

"భారత్ ఒప్పందాన్ని ఉల్లంఘించిందా?" చేరని ఒప్పందాన్ని ఉల్లంఘించడం కుదరదు. అయిదు దేశాలకు ఒక నీతి, మిగతావాటికి ఒక నీతి అన్నదే ఎన్‌పీటీ మీద భారత్ అభ్యంతరం. ముందుగా అణ్వస్త్రం ప్రయోగించబోమన్న విధానాన్ని 2003 జనవరిలో అధికారికంగా ప్రకటించింది. అతిథి దేశం దీన్ని ఒప్పుకోకపోవచ్చు, రెండు వైఖరులూ నోట్‌లో ఉంటే గొడవ ఉండదు.

పాకిస్థాన్ ప్రశ్నలకు అతిథి తన ప్రభుత్వం ముందే ప్రకటించిన మాట దాటి ఒక్క అక్షరం చెప్పడు. దుబాసీ సాయం చేయబోయి రెండు ముక్కలు కలపకుండా చూడండి.

8. సభలో

ఏది పేరుతో రాసుకోవచ్చు, ఏది పేరు లేకుండా రాసుకోవచ్చు, ఏది అసలు రాయకూడదు అన్నది మొదట్లోనే మైకులో చెప్పండి. చెప్పేశాక "ఇది ఆఫ్ ద రికార్డ్" అంటే ఎవరూ వినరు, వినాల్సిన పనీ లేదు. చానళ్ల మైకు లోగోలు బల్ల మీద ఉన్నంతసేపూ రికార్డు నడుస్తున్నట్టే లెక్క.

అతిథి రెండు వాక్యాలు చెప్పి ఆగాలి, దుబాసీ చెప్పాలి. ఐదు నిమిషాల ఇంగ్లిష్‌ను ఒక నిమిషం తెలుగులో సర్దేస్తే విలేకరి సొంత ఊహలతో నింపుకుంటాడు. తెలుగు అనువాదాన్నీ మీ ఫోన్‌లో రికార్డు చేసుకోండి. తర్వాత వివాదం వచ్చేది ఇంగ్లిష్ మీద కాదు.

టీవీ వాళ్లకు విడిగా ముప్ఫై సెకన్ల బైట్ ఇప్పించండి. యూట్యూబ్ చానళ్లకూ అదే, ఎవరికీ "ప్రత్యేకం" వద్దు. డబ్బు కవర్లు ఇవ్వొద్దు. అతిథి ఆఫీసుకు తెలిస్తే మళ్లీ మీ గడప తొక్కరు.

9. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

నోట్ పంపకముందే ఒక పరీక్ష ఉంది. ఈ విషయంతో సంబంధం లేని ఇద్దరికి, ఒకరు ఆఫీసు అటెండర్ అయినా సరే, నోట్ చదివి వినిపించి మూడు ప్రశ్నలు అడగండి: ఎవరన్నారు? ఏ దేశం గురించి? మన జిల్లాకు ఏమైనా సంబంధం ఉందా? ఇద్దరిలో ఒక్కరు తప్పు చెప్పినా తిరగరాయండి.

మర్నాడు ఉదయం ఏడింటికల్లా ఈ-పేపర్లలో జిల్లా పేజీలు, జోన్ పేజీలు రెండూ తెరవండి. శీర్షిక, ఉపశీర్షిక, కొటేషన్, అంకెలు, ఫొటో కింది పేర్లు, ఈ అయిదూ చూడండి. శీర్షిక నచ్చకపోవడం తప్పు కిందికి రాదు. "ఇరాన్ అణుబాంబు తయారుచేసింది" లాంటిది మాత్రం తప్పే, ఆయన అన్నది సుసంపన్నం గురించి.

తప్పుంటే ముందు వార్త రాసిన విలేకరికి ఫోన్ చేయండి, నేరుగా ఎడిటర్‌కు కాదు. చాలాసార్లు మార్చింది డెస్క్, తిట్లు పడేది ఆయనకు. తారీఖు, పేజీ, అచ్చయిన వాక్యం, ఉండాల్సిన వాక్యం, రికార్డింగ్‌లో ఎన్నో నిమిషం: అయిదు లైన్లలో మెసేజ్ పంపండి. ఆన్‌లైన్ వార్త మధ్యాహ్నానికల్లా మారిపోతుంది. అచ్చులో సవరణ రెండు రోజులు పట్టొచ్చు, చిన్న అక్షరాల్లో వస్తుంది. యూట్యూబ్‌లో లోపల వార్త సరిగానే ఉండి థంబ్‌నెయిల్ మీద "కడపలో అణుబాంబు?" అని ఉంటే, ముందు థంబ్‌నెయిల్ మార్పించండి.

క్లిప్పింగులు అతిథి ఆఫీసుకు అదే రోజు పంపాలి. శీర్షికల ఇంగ్లిష్ అర్థం మీరే రాసి పెట్టండి. మొబైల్ అనువాదాన్ని నమ్ముకుంటే, మీరు అంత కష్టపడి తప్పించిన "ఆందోళన" ఏదో ఒక శీర్షికలో మిగిలిపోయి, ఢిల్లీలో ఉన్న వాళ్ల పై అధికారికి కర్నూలులో ధర్నా జరిగినట్టు చేరుతుంది.